గోల్‌పోస్టు వెనక పీట

చిలకలూరిపేట,
7-5-2001, సోమవారం.

సుబ్బులూ,

అల్లా దయవల్ల ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. నువ్వూ, మీ శేషాచలం గారూ ఆ ఒంగోలు ఎండల్లో ఎలా ఉన్నారో రాయి. నీ మోకాలు ఎలా ఉంది? నేను రెండు వాక్యాల్లో కుశలం అడిగి మూడో వాక్యంలో సెలవు తీసుకుంటానని ఎప్పుడూ దెప్పుతావు కదా, ఈసారి ఆ అవకాశం ఇవ్వను. ఇంట్లో ఎవరితోనూ అనలేని సంగతి ఒకటి మనసులో పెట్టుకుని కూర్చున్నాను.

మా అస్లాం ఇక్కడి హాకీ టీములో గోల్‌కీపరని నీకు తెలుసు. మిరపకాయల సీజను అయిపోయి, పత్తి జిన్నింగు మిల్లులు ఆగాక, ఏటా మే నెలలో మిల్లు గ్రౌండులో పోటీలు పెడతారు. హమాలీలు, లారీ డ్రైవర్లు, మెకానిక్కులు అందరికీ అదే తిరునాళ్లు. వరసగా నాలుగేళ్లు మన పేటే గెలిచింది. ఈ ఏడు ఏం వచ్చిందో, కుంటుకుంటూ చివరి నాలుగు టీముల్లో పడ్డారు. ఇక ప్లేఆఫ్ అట, ఒకే టీముతో మూడు ఆటలు ఆడాలి, రెండు గెలిచినవాళ్లు ఫైనల్‌కి వెళ్తారు. ఆ టీము మీ ఒంగోలే. మొదటి ఆట నిన్న అయింది. నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయాం. నువ్వేం సంబరపడకు.

నేను ఏనాడూ గ్రౌండుకి వెళ్లలేదు. నిన్న సాయంత్రం అసర్ నమాజు చేసుకుని, మిల్లు గోడ వెనక వీధిలో ఒకరికి తలగడలు ఇచ్చి వస్తున్నాను. గోడ అవతల మా వాడి పేరు వినపడింది. మెచ్చుకుంటున్నారేమోనని ఆగాను. పేరు వెనకాలే నేను వినపడ్డాను.

ఆ మాటలు రాయను సుబ్బులూ. నా ఉత్తరాలు నువ్వు దేవుడి గది గుమ్మంలో కూర్చుని చదువుతావని తెలుసు. వాడు గోలు వదిలితే వాడి తల్లిని అన్నారు. ఒకరు మొదలుపెడితే పదిమంది అందుకున్నారు. ముందు మొదలుపెట్టిన గొంతు నేను గుర్తుపట్టాను. హమాలీ మేస్త్రీ అంకమ్మరావు. ఏటా వాళ్ల పరుపు దూది మా పరుపుల కొట్లోనే ఏకించుకుంటాడు. గుమ్మంలో నిలబడి, "అక్కా, కాసిని మంచినీళ్లు" అని తల వంచుకుని అడుగుతాడు. నా ముఖంలోకి సూటిగా చూసి కూడా ఎరగడు. అదే మనిషి గోడ అవతల అంత మాట అన్నాడు. తను అంటున్నది నన్నేనన్న ఆలోచన అతనికి రాలేదనుకుంటాను.

మా ఆయనతో చెప్తే, "అవి తిట్లు కావే ఖుర్షిదా, ఊతపదాలు. గ్రౌండులో ఎవరూ అర్థం చూసుకుని అనరు" అన్నారు. ఏళ్ల తరబడి ఆట చూసి వచ్చి స్కోరు ఒక్కటే చెప్పేవారు. ఈ సంగతి ఆయనకు మొదటినుంచీ తెలుసన్నమాట. అది ఇంకో ముల్లు.

అస్లాం మాత్రం దాచలేదు. "ఆ మాట వినపడగానే వెనక్కి తిరుగుతానమ్మా. తిరక్కూడదని తెలుసు, తిరుగుతాను. ఈలోగా బంతి వచ్చేస్తుంది" అన్నాడు. వాళ్ల నాన్న దూది కూరి కుట్టిచ్చిన ప్యాడ్లు విప్పి అటక మీద పడేశాడు. ఇక ఆడడట. నిలబడి నన్ను తిట్టించలేడట.

వాడు ఆట మానితే నాకేమీ దిగులు లేదు. మానాలనిపించిన రోజు మానుకోనీ. నా పేరు చెప్పి మానడం మాత్రం ఒప్పుకోను. తప్పు చేసినవాళ్లు నీడపట్టున కూర్చుంటే, ఏ తప్పూ చేయని మేమిద్దరం ఇంట్లో దాక్కోవడమేమిటి? తెల్లవారుజామున నమాజు తర్వాత చాలాసేపు దువా చేశాను. వద్దన్నట్టు అనిపించలేదు. అటక మీంచి ప్యాడ్లు నేనే దించి ఎండలో వేశాను. వచ్చే ఆదివారం గ్రౌండుకి వెళ్తున్నాను. గోల్‌పోస్టు వెనక కూర్చుంటాను.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. నీకే ముందు.

నీ
ఖుర్షిదా

* * *

చిలకలూరిపేట,
14-5-2001.

సుబ్బులూ,

నీ కార్డు శుక్రవారం అందింది. "నీకు నోరెక్కడిదే, పోయి ఏం చేస్తావు" అని రాశావు. నిజమే. నోటితో పని లేకుండానే అయిపోయింది.

నిన్న ఇంట్లో పీట ఒకటి చంకన పెట్టుకుని, తల మీద కొంగు సర్దుకుని, చేతిలో జపం చేసుకునే తస్బీహ్‌తో బయల్దేరాను. మా ఆయన వాకిట్లో అడ్డం నిలబడి, ఆడవాళ్లు ఎవరూ రారన్నారు. అందుకేగా వాళ్లకి అంత ధైర్యం అన్నాను. ఆయన పక్కకి తప్పుకుని, కాసేపటికి గొడుగు తీసుకుని నా వెనకే వచ్చారు.

గోల్‌పోస్టు వెనక వేపచెట్టు నీడన అంకమ్మరావూ, అతని బలగమూ ఉన్నారు. నేను వాళ్ల ముందర పీట వేసుకున్నాను. అతను గబగబా లేచి, దారి తప్పి వచ్చాననుకున్నాడో ఏమో, కుర్చీ తెప్పిస్తానన్నాడు. అప్పుడు అన్నాను. నా గొంతు నీకు తెలుసుగా, పక్కవాడికి కూడా వినపడదు. అయినా అందరికీ వినపడింది.

"కుర్చీ వద్దు అంకమ్మరావ్. మీరు ఆటాటకీ తలుచుకునే అస్లాం వాళ్లమ్మను నేనే. ఎదురుగా ఉంటే మీకు వీలుగా ఉంటుందని వచ్చాను."

అతని ముఖం చూడలేక నేనే తల తిప్పుకున్నాను. ఇక ఆట అయ్యేదాకా ఆ వైపు ఒక్క గొంతూ లేవలేదు. బీడీలు వెలిగించుకోవడానికి కూడా దూరంగా పోయారు. ఆ నిశ్శబ్దం నాకు బాగుంది సుబ్బులూ, నీ దగ్గర దాచడమెందుకు. చిన్నప్పటినుంచి "ఖుర్షిదా ఎంత నెమ్మదో" అని అందరూ మెచ్చుకుంటూనే, నన్ను అడక్కుండానే నా తరఫున అన్నిటికీ సరేననేవారు. బడి మానెయ్యమన్నా సరే, సంబంధం ఖాయం చేసినా సరే. అంతమంది మగవాళ్లు నన్ను చూసి నోరు మూసుకోవడం యాభై ఏళ్లలో అదే మొదలు. తస్బీహ్ తిప్పుతున్నాను గానీ, లోపల కాస్త గర్వపడ్డాను. అల్లా క్షమించాలి.

ఒక్క గోలుతో గెలిచాం. అదీ ఎవరి కాలికో తగిలి లోపలికి పోయిన బంతి. అంటే చెరొకటి, మూడోది గెలిచినవాళ్లకే ఫైనల్. నేను సంతోషంగా ఇంటికొచ్చి సేమ్యా చేశాను. అస్లాం ముట్టుకోలేదు.

కాసేపటికి టీము కెప్టెన్ గౌస్ బాషా వచ్చాడు, మా ఆయన అన్నగారి కొడుకు. చాలాసేపు నసిగాడు. చివరికి, "చిన్నమ్మా, మూడో ఆటకి నువ్వు రాకపోతే బాగుంటుంది" అన్నాడు. ఎందుకురా అంటే, సమాధుల మధ్య ఆడినట్టుందట. జనం అరిస్తేనే కాళ్లు లేస్తాయట. ఆ అరుపు లేక సగం ఆట అయ్యేసరికే అందరూ నీరసపడ్డారట. గెలిచింది అదృష్టం కొద్దీ అని మా వాళ్లకీ తెలుసు. అస్లాం తల ఎత్తకుండానే, "ఎడం పక్కనుంచి మనిషి వస్తున్నాడని వెనకనుంచి ఎవరో ఒకరు కేకేసేవాళ్లమ్మా. ఇవాళ అదీ లేదు" అన్నాడు.

తిట్లు ఆపితే వాడికి మేలు చేశాననుకున్నాను. వాడి చెవులు కూడా మూసేశానట.

ఆ వెనకే అంకమ్మరావు వచ్చాడు. గుమ్మం దాటలేదు, మంచినీళ్లు అడగలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "తప్పయిపోయింది అక్కా. కానీ ఒక్కమాట చెప్పనీ. పొద్దస్తమానం బస్తాలు మోసేవాళ్లం. మా నెత్తిన ఎవరైనా అరుస్తారు, మేం ఎవరి మీదా అరవలేం. ఈ టీము ఒక్కటే మాది. అది ఓడిపోతుంటే నోట్లో ఏది ముందు వస్తే అది అనేస్తాం. నోరు కట్టేసుకుని చూడమంటే మాకు ఆట కనపడదు" అన్నాడు. సగంమంది మధ్యలోనే లేచిపోయారట, మూడో ఆటకి రామన్నారట.

వాళ్లంతా వెళ్లాక దూది ముందు కూర్చున్నాను. ముగ్గురూ మర్యాదగానే చెప్పారు. ముగ్గురూ చెప్పింది ఒకటే, ఇంట్లో ఉండమని. అవునేమో, నేను లేకపోతే టీము గెలుస్తుందేమో. కానీ ఆ గెలుపు మళ్లీ ఆ మాటల మీదుగానే రావాలా? అరవడానికి తెలుగులో ఇంకేమీ లేదా?

రాకుండా ఉండనని అస్లాంతో చెప్పాను. వాడు కోపంగా లేచి వెళ్లిపోయాడు. నోళ్లు మూయించడానికి మాత్రం ఈసారి వెళ్లను. ఏం చేస్తానో నాకూ తెలియదు. ఇందాక ఇంట్లో ఎవరూ లేనప్పుడు గట్టిగా ఒక కేక వేసి చూసుకున్నాను. కోడిని పిలిచినట్టుంది. పక్కింటి సాజిదా పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగింది.

పెదకాకాని వెళ్తే నా పేరు మీద ఒక కొబ్బరికాయ కొట్టు. నీ దేవుడికి నా మీద కోపమేమీ ఉండదులే.

నీ
ఖుర్షిదా

* * *

చిలకలూరిపేట,
21-5-2001.

సుబ్బులూ,

ఓడిపోయాం. మీ ఒంగోలు ఫైనల్‌కి వెళ్లింది. ఊళ్లో సగంమంది నా వల్లే పోయిందంటున్నారు. వాళ్లన్నది అబద్ధమేమీ కాదు. మొదటినుంచీ చెప్తాను విను.

నిన్న వెళ్లేసరికి వేపచెట్టు కింద పాతిక మంది ఉన్నారో లేదో. నన్ను చూసి ఒకరిద్దరు కండువాలు దులుపుకుని లేచారు. ఆట మొదలైంది, మళ్లీ అదే నిశ్శబ్దం. మన పిల్లలు ఎండలో బరువు మోస్తున్నట్టు కదులుతున్నారు. చూస్తుండగానే ఒంగోలు గోలు కొట్టింది. బంతి అస్లాం ముందు నుంచే పోయింది, వాడు వంగడం ఆలస్యమైంది. అందరూ నా వీపు వైపు చూస్తున్నారని నాకు తెలుస్తోంది. ఇంకోసారి బంతి వాడి మీదకు వస్తోంది. వాడు నిలబడ్డాడు, కదలడే. నేను లేచాను. ఎలా వచ్చిందో తెలియదు.

"ఒరేయ్ అస్లాం! పరుపు పరిచి పెట్టమంటావా, పడుకుంటావా?"

ఆ గొంతు నాదని నాకే నమ్మకం కలగలేదు. వాడు అదిరిపడి కాలు చాచాడు, బంతి ప్యాడ్‌కి తగిలి బయటికి పోయింది. అంకమ్మరావు పగలబడి నవ్వాడు. "తలగడ కూడా ఇవ్వక్కా!" అన్నాడు. ఇక చూడు. పరుపులూ, దుప్పట్లూ, దోమతెరలూ ఒక్కటీ మిగల్చలేదు. దూది చేతులోడా అన్నారు, నిద్రమొహమా అన్నారు, వాళ్ల నాన్నను ఏకుడుబద్ద పట్టుకుని రమ్మన్నారు. మా ఆయన గొడుగు చాటున నవ్వుతున్నారు. ఎడం పక్క చూడరా అని కేకలు, కుడి పక్క చూడరా అని కేకలు. లేచిపోయినవాళ్లు తిరిగొచ్చారు. గోడల మీదకెక్కారు. మన పిల్లల కాళ్లు నిజంగానే లేచాయి సుబ్బులూ, నా కళ్లతో చూశాను. సగం ఆట లోపలే గౌస్ బాషా గోలు కొట్టి సమం చేశాడు. నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని, ఇంత సుఖం ఎవరూ నాకు చెప్పలేదే అనుకున్నాను.

సగం ఆట అయ్యాక రెండు టీములూ వైపులు మార్చుకుంటాయి. ఆ సంగతి నాకు తెలుసు గానీ, దాని గురించి ఆలోచించలేదు. అస్లాం అటు వెళ్లాడు. మా ముందుకి ఒంగోలు గోల్‌కీపర్ వచ్చి నిలబడ్డాడు. బుల్లయ్యట, సన్నటి పిల్లవాడు, మా వాడికంటే చిన్నవాడు. అతను కర్ర సర్దుకుంటుండగానే వెనకనుంచి ఆ మాటలు మొదలయ్యాయి. నా ముందు రెండు ఆటలు బిగబట్టుకున్నవన్నీ కలిపి ఆ పిల్లవాడి తల్లి మీద పోశారు. నా మాట మీరామని ఎవరూ అనుకోలేదు. నన్ను కాదుగా.

ఆ పిల్లవాడు వెనక్కి తిరిగాడు. అచ్చం మా వాడు చెప్పినట్టే. తిరిగిన ఆ క్షణంలోనే బంతి లోపలికి పోయింది. రెండు ఒకటి. గ్రౌండంతా ఎగిరింది. మా ఆయన గొడుగు గాలిలోకి విసిరారు. అంకమ్మరావు, "పనిచేసింది, ఇంకో రెండు తగిలించండ్రా" అన్నాడు.

నేను కూడా ఒక్క గడియ ఊరుకున్నాను. నీకు చెప్పాలి కదా. గెలుస్తున్నాం, ఇంకాసేపట్లో అయిపోతుంది, నాకెందుకు అనుకున్నాను. అప్పుడు మళ్లీ ఒకడు అందుకున్నాడు. ఆ పిల్లవాడి మెడ బిగుసుకోవడం కనపడింది.

పీట తీసి గోల్‌పోస్టుకి ఆనించి, ఆ పిల్లవాడికీ వీళ్లకీ మధ్యన వేసుకుని, వీళ్ల వైపు తిరిగి కూర్చున్నాను. "ఈ పూట ఈ బాబుకీ అమ్మను నేనే. నన్ను చూస్తూ అనండి" అన్నాను.

"వాడు మనోడు కాదక్కా!" అన్నాడు అంకమ్మరావు, ఏడుపు గొంతుతో.

"వాళ్లమ్మ ఇక్కడ లేదు అంకమ్మరావ్. నేనున్నాను. వాణ్ణి ఏమైనా అనుకో. వాడి కాళ్లను అను, చేతులను అను, ఒంగోలును అను. ఆవిడను అనొద్దు."

అన్నారు, ఒంగోలును తనివితీరా అన్నారు. ఆ మాట మాత్రం మళ్లీ రాలేదు. పిల్లవాడు కూడా ఇక వెనక్కి తిరగలేదు. తిరక్కపోయేసరికి ఏమైందంటావు? మనవాళ్లు కొట్టిన రెండు పెనాల్టీ కార్నర్లూ ఆపేశాడు. నేను వీళ్ల ముఖాలు చూస్తూ కూర్చున్నాను కాబట్టి చూడలేదు. వీళ్ల ముఖాల్లోనే తెలిసింది. అవతల ఒంగోలు సమం చేసింది. చివర్లో మూడోది కూడా మా వాడి కాళ్ల మధ్యనుంచి పోయింది.

ఎవరూ నాతో మాట్లాడలేదు. మా ఆయన దారంతా ముందు నడిచారు. ఇంటికొచ్చాక, "కన్నకొడుకు ఆట చెడగొట్టావు" అన్నారు. అస్లాం కాళ్లు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తిడతాడేమోనని చూశాను. "మూడో గోలు నాదే తప్పమ్మా. బయటికొస్తుంటే అందరూ నన్ను తిట్టారు. నన్నొక్కణ్ణే. అది నేను మొయ్యగలను" అన్నాడు. పొద్దున లేచి చూస్తే అటక మీదకు పోలేదు ప్యాడ్లు. చిరుగులు పడ్డచోట విప్పి, వాళ్ల నాన్నను మంచి దూది అడుగుతున్నాడు. ఆయన విసుక్కుంటూనే తూచకుండా ఇచ్చారు.

అంకమ్మరావు ఇందాక మా వీధిన పోతూ ముఖం తిప్పుకున్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కొచ్చాడు. "వచ్చే ఏడు ఎటువైపు కూర్చుంటావో ముందే చెప్పక్కా, నేను రెండో వైపు పోతాను" అన్నాడు. సగం ఆటకి వైపులు మారతాయి కదా, ఎక్కడికి పోయినా ఎవరో ఒకరి కొడుకు ఉంటాడన్నాను. మంచినీళ్లు తాగి వెళ్లాడు.

ఇప్పుడు నీతో ఒక పని పడింది. ఆ బుల్లయ్య వెళ్లేముందు వచ్చి దణ్ణం పెట్టాడు. మీ అమ్మ పేరేమిటి బాబూ అని అడిగాను. ప్రేమమ్మట. కొత్తపట్నం నుంచి చేపల గంప తెచ్చి, మీ ఒంగోలులో కొత్తపట్నం బస్సులు ఆగేచోట కూర్చుని అమ్ముతుందట. నువ్వు చేపల వైపు పోవని తెలుసు. ముక్కు మూసుకుని ఒక్కసారి వెళ్లు. ఆవిడను కొడుకు ఆటకి రానివ్వడట, ఎందుకో ఆవిడకి కూడా తెలిసే ఉంటుంది. పేటలో వాళ్లబ్బాయి చాలా బాగా ఆడాడని చెప్పు. మొదట్లో పడ్డ నాలుగు మాటలు చెప్పకు. ఆ తర్వాత ఇక్కడ ఎవ్వరూ ఆవిడను ఒక్క మాట అనలేదని చెప్పు.

నీ
ఖుర్షిదా