జొన్నచేనులో నీ మొదటి ఆట

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి నాలుగేళ్లు. హైదరాబాద్‌లో నువ్వు పనిచేసిన కంపెనీ మూతపడినా, అక్కడ నువ్వు చేసిన వీడియో గేమ్‌ను మరిచిపోని వాళ్లున్నారు. అది అమ్మకానికి రాకముందు నువ్వు తయారుచేసిన మొదటి కూర్పు కోసం వెతుకుతున్నారట. అందులో వాగులు దూకేది ఆడపిల్ల అనీ, కంపెనీ వాళ్లే మగపిల్లవాడిగా మార్చారనీ నువ్వెక్కడో రాసింది చదివారట. పోయిన వారం తూప్రాన్ నుంచి ఒకతను ఫోన్ చేశాడు.

"అన్నా, ఇంకెక్కడ దొరుకుతలేదు. మీ ఇంట్ల సీడీ ఏమన్న ఉన్నదా?"

నీ పెట్టె వెతికితే ఖాళీ. బాపును అడిగాను.

"పాత సీడీలా? పాపన్నపేట చేన్ల పిట్టలు రాకుండ కట్టిన గద కొడుకా!"

వెంటనే బండి తీసుకుని వెళ్లాను. జొన్నచేను చుట్టూ దారాలకు సీడీలు వేలాడుతున్నాయి. ఒకదాని మీద నీ చేతిరాతలో "మొదటిది" అని ఉంది. ఎండకు పూతంతా పొరలుగా లేచిపోయింది. మెదక్‌లో కంప్యూటర్లు బాగుచేసే అన్నను కాళ్లు పట్టుకున్నంత పనిచేసి బతిమాలాను. మూడు కంప్యూటర్లలో పెట్టి చూశాడు.

"ఏం వస్తలేదు తమ్మీ. ఇగ రాదు."

రాత్రి ఆ మాట బాపుకు చెప్పాను. పొద్దున నేను ఆశ చావక మళ్లీ ఆ దుకాణానికి వెళ్తే, బాపు అప్పటికే అక్కడున్నాడు. చేనులో మిగిలిన పాటల సీడీలు, సినిమా సీడీలు అన్నీ తువ్వాలలో మూటగట్టి తెచ్చాడు. ఒక్కొక్కటే తుడిచి అందిస్తున్నాడు.

"జర గిండ్ల గూడ సూడుండ్రి సారూ. నా బిడ్డ గిండ్లనన్న ఉంటది."