తిరుగు జెట్టు

మార్చి 4
పెన్ను కక్కింది. సగం పేజీ నీలం. ఎత్తున గాలి పలచన, సిరా పొంగుతుంది. బడిలో ఫిజిక్స్ చెప్పినదాన్ని, ఆ మాత్రం తెలుసు. కానీ కొండ మీది ఈ ఇంట్లో ఇన్నేళ్లూ కక్కని పెన్నుకు ఇప్పుడేం రోగం?

మార్చి 9
పొద్దుటి నుంచీ మనవరాలు షెడ్డులో జీపు కార్బురేటరుతో కుస్తీ పడుతోంది. గాలి పలచనైతే పెట్రోలు ఎక్కువై ఇంజను నల్లగా దగ్గుతుంది. అందుకే ఈ దారిన కొండెక్కే బండికి మా షెడ్డులో పెట్రోలు తక్కువ వదిలే చిన్న రంధ్రమున్న ఇత్తడి జెట్టు వేస్తాం, దిగే బండికి పెద్దది. వాళ్ల తాత నేర్పిన పని. మా జీపు మాత్రం షెడ్డులోంచి కదలకుండానే రోజురోజుకూ ఇంకా చిన్న జెట్టు అడుగుతోంది. ఎందుకే అంటే, ప్లగ్గు గోధుమరంగుకొచ్చింది కదమ్మమ్మా, సెట్టింగు కరెక్టే అంటుంది. ఇంజను దగ్గు తగ్గితే చాలు దీనికి. గాలి ఎటు పోతోందో అక్కర్లేదు.

మార్చి 10
బిస్కెట్ ప్యాకెట్లు బంతుల్లా ఉబ్బాయి.

మార్చి 15
లారీ డ్రైవరు వచ్చాడు. మామ్మగారూ, షెడ్డు పైకి జరిపారా, చివరి మలుపు తర్వాత ఇంకో మలుపొచ్చిందేంటి అన్నాడు. తాగొచ్చావా అన్నాను. తాగితే దారి తగ్గుతుందండీ, పెరగదు అన్నాడు. నేను నవ్వాను. అతను నవ్వలేదు.
అతని లారీలోనే కింది మలుపు దాకా వెళ్లి చూశాను. ఇంజను హాయిగా పాడింది. నాకే ఊపిరాడలేదు. అక్కడి గాలి మరీ చిక్కన. ముక్కులోంచి రక్తం. పాపం, తిప్పి తీసుకొచ్చి దింపాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే కుదుటపడ్డాను. నా ఒంటికీ చిన్న జెట్టు బిగిసిపోయింది. మార్చే మెకానిక్ లేడు.

మార్చి 26
డబ్బాలో మిగిలిన ఆఖరి జెట్టు కూడా వేసేసింది. వాళ్ల తాత చేత్తో చేసింది, అంత సన్నని రంధ్రం ఇంకెక్కడా దొరకదు. పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. మంచంలోంచి లేస్తే చాలు, దానికి ఆయాసం. దిగిపోవే అంటే, నిన్నొదిలి పోవడానికి నేనేం పిచ్చిదాన్నా, నోర్మూసుకుని పడుకో ముసలిదానా అంది.

మార్చి 27, ఉదయం
దిగేవాళ్లు పెద్ద జెట్టు వేసుకుని, చిన్నదాన్ని అగ్గిపెట్టెలో పెట్టి వెంట తీసుకెళతారు. తిరిగి ఎక్కాలంటే అది ఉండాలి.
ఒంట్లో బాలేదని, కింది నుంచి మందు తెచ్చిపెట్టమని నటించాను. సాయంత్రానికి వచ్చేస్తాను, ఈలోగా చచ్చావంటే చంపేస్తాను అంది. అగ్గిపెట్టె నేనే అందించాను. చెవి దగ్గర ఆడించి చూసుకుంది. గలగలమంది. లోపలున్నది నా జాకెట్టు గుండీ.

మార్చి 27, సాయంత్రం
ఎక్కడో బాగా కింద జీపు. ఎక్కుతుంది, దగ్గుతుంది, ఆగుతుంది. మళ్లీ మొదలు. మధ్యలో తిట్లు. అన్నీ నా దగ్గర నేర్చుకున్నవే.
జెట్టు నా గుప్పిట్లో చల్లగా ఉంది.

మార్చి 28
జీపు చప్పుడు లేదు. అగ్గిపుల్ల వెలగడం లేదు. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు వాటంతటవే మరుగుతున్నాయి. వేలు పెట్టి చూశాను. చల్లగా ఉన్నాయి.
ఊపిరి హాయిగా ఆడుతోంది.