సమాధుల తోట దారి

ఏమండీ,

చీడికాడలో చెల్లికి జ్వరమని కబురొస్తే వెళ్తన్నాను. పొద్దు వాలేలోపు వచ్చేస్తాను. చోడి అంబలి పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచేను, తాగండి. నేనొచ్చేదాకా గడప దాటకండి.

మొన్న కాంపౌండరు ఏటన్నాడో మీకు గుర్తుండదు. "నడక మందగిస్తే బుర్ర కూడా మందగిస్తన్నట్టేనమ్మా, తాతని రోజూ నడిపించు" అన్నాడు. సరే కదాని చర్చికి తీసుకెళ్తే నత్తలా నడిచేరు. సగం దారిలో ఆగి "ఎక్కడికే?" అన్నారు.

మరి నిన్నేటయింది? నేను నీళ్ల బిందెతో మలుపు తిరిగేసరికి సమాధుల తోట వైపు వెళ్లిపోతన్నారు. బిందె దించి పరిగెత్తినా అందలేదు. దారీ తప్పలేదు, ఆయాసమూ లేదు. మీ మొదటి భార్య మార్తమ్మ సమాధి పక్కన కూచుని, నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు?" అన్నారు.

ఆవిడతో రెండేళ్ల కాపురం. నాతో ముప్పై ఏళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది. పోయి ఇన్నేళ్లయినా ఆవిడ మిమ్మల్ని పరిగెత్తిస్తంది. నేనేమో చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్లాలి.

సాయంత్రం చొక్కా తొడుక్కుని తయారుగా ఉండండి. ఆ దారిలోనే మీ కాళ్లు కదుల్తాయంటే రోజూ ఆ దారినే నడుద్దాం. ఆవిడ దగ్గర కాసేపు కూచోండి, నేను గేటు బయట నిలబడతాను. తిరిగొచ్చేటప్పుడు మాత్రం నా పక్కన నడవాలి. నన్ను పేరు పెట్టి పిలవాలి.

ఈ చీటీ జేబులో పెట్టుకోండి. పేరు కింద రాసేను.

ఎస్తేరు