పాప వద్దంది

1వ తేదీ, సోమవారం. ఉదయం 6.40
ఈ రోజు నుంచి పది రోజులు. మాటంటే మాటే!

కారణం రాసి పెట్టుకోవాలి. శుక్రవారం మా మనవరాలి బడి టీచరమ్మ మున్సిపల్ ఆఫీసుకి వచ్చింది. నేను ఎడ్యుకేషన్ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంట్‌ని. ఆవిడ ఫైలు నా బల్ల మీదే ఉంది. పేరు: ‘పసిపిల్లల బడుల్లో లింగ సమానత్వం, లైంగికత విద్య – నిధుల మంజూరు గురించి.’ చైర్మన్ సంతకం పడితే పద్దెనిమిది బడుల్లో ఈ పాఠాలు నడుస్తాయి. పడకపోతే నెలాఖరుకి ఆవిడ కాంట్రాక్టు అయిపోతుంది. పాఠాలు అటకెక్కుతాయి.

“సార్, అనుబంధంలో రూల్సు చదివారా?” అంది.

“ఎందుకు చదవలేదూ!” అన్నాను. చదవలేదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో అనుబంధం చదివినవాణ్ణి నేను చూడలేదు.

“మరి మీ ఇంట్లో పాటిస్తున్నారా?”

పౌరుషం పొడుచుకొచ్చింది. పది రోజులు పాటించి, ఫలితం నోట్‌లో రాసి మరీ ఫైలు పైకి పంపుతానన్నాను. ఆవిడ వెళ్ళాక తెరిచి చూశాను. రూల్సు నాలుగే:

1. పనుల్లో, ఆటల్లో, ఏడుపుల్లో ఆడపిల్లవి, మగపిల్లాడివి అని తేడా చూపకూడదు.
2. ఒంట్లో ప్రతి భాగాన్నీ దాని పేరుతోనే పిలవాలి.
3. పిల్లలు అడిగిన ప్రశ్నకి అబద్ధం చెప్పకూడదు.
4. ముద్దు, కౌగిలి – ఎవరడిగినా సరే, పిల్ల వద్దంటే వద్దే.

నాకివి మంచినీళ్ళ ప్రాయం. మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు కాబట్టి నాలుగున్నరేళ్ళ మనవరాలు బడి అయ్యాక మా దగ్గరే ఉంటుంది. మా ఆవిడకి సంగతి చెప్పాను. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి.

“మీరా?” అంది. అంతే. ఆ ఒక్క మాటే.

సాయంత్రం 6.00
పాపని ముద్దు అడిగాను. వద్దంది. సరే అన్నాను. అది నా ముఖంలోకి వింతగా చూసి, తనే వచ్చి రెండు ఇచ్చింది! ఇంత తేలికైన పనికి ఫైలెందుకో?

2వ తేదీ, మంగళవారం
రూలు ఒకటి. మగవాళ్ళు కూడా గిన్నెలు తోముతారని పాపకి చూపించాలి. తోమాను. రెండు గ్లాసులు, ఒక గరిట. ఒక గ్లాసు పగిలింది.

“తాతా, పనయిపోయిందా? ఇంకా చాలా ఉన్నాయిగా” అంది పాప.

మిగతావి నడుంనొప్పి తగ్గాక. రూల్లో ఎన్ని గిన్నెలో రాయలేదు.

3వ తేదీ, బుధవారం. సాయంత్రం 5.15
టీచరమ్మ ఇచ్చిన పటం గోడకి తగిలించాను. మనిషి బొమ్మ, బాణం గుర్తులు. పాప వేలు పెడుతుంది, నేను పేరు చెబుతాను. తల, మెడ, భుజం, పొట్ట, బొడ్డు, మోకాలు...

“తాతా, మధ్యలో ఇంకో బాణం ఉంది.”

“అది అచ్చుతప్పమ్మా.”

వంటింట్లోంచి మా ఆవిడ ఆ పేరు ఠక్కున చెప్పింది, మందుల చీటీ చదివినట్టు. పాప ఒకసారి పలికి, “ఇది?” అంటూ మోకాలి మీదికి పోయింది. పాపకి ఏమీ కాలేదు. నాకే చెవులు వేడెక్కాయి.

“బొడ్డు నుంచి మోకాలికి ఎక్స్‌ప్రెస్ బస్సా అండీ? మధ్యలో ఆగదా?” అంది మా ఆవిడ.

ఆవిడకి అలవాటైన పని. నాది గుమాస్తా నోరు.

4వ తేదీ, గురువారం. ఆఫీసు
మా సూపరింటెండెంటు ఫైలు తెరిచి ‘లైంగికత’ కింద ఎర్రగీత గీశాడు. “ఇంత మాట చైర్మన్ గారి ముందు పెడతామా?” అన్నాడు. దాన్ని ‘తదితర’ అని మార్చాను. ‘లింగ సమానత్వం, తదితర విద్య.’ పావుగంట ఆలోచించి, ‘లింగ’ కూడా కొంచెం ఎబ్బెట్టుగా ఉందన్నాడు. తీసేశాను. సాయంత్రానికి ఫైలు పేరు ‘పసిపిల్లల బడులు, తదితరాలు.’

అనుబంధం మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. క్షేమంగా ఉంది.

5వ తేదీ, శుక్రవారం
“తాతా, నన్నెక్కణ్ణించి తెచ్చారు?”

నేను సిద్ధంగా లేను. పేపరు చదువుతున్నాను. “ఆస్పత్రిలో కొన్నాం” అనేశాను.

“బిల్లుందా?”

“ఎక్కడో ఉంటుంది.”

పాప ఇంకేమీ అడగలేదు. గండం గడిచిందనుకున్నాను. సాయంత్రం చూస్తే పళ్ళెంలో ఒక్క మెతుకు మిగల్చకుండా తినేసింది, బొమ్మలన్నీ వరసగా సర్దేసింది, చెప్పకుండానే పళ్ళు తోముకుంది. ఏమిటే ఇంత బుద్ధి అని మా ఆవిడ అడిగితే పెదవి వణికింది.

“బిల్లుంటే వెనక్కి ఇచ్చేస్తారు కదా అమ్మమ్మా.”

మా ఆవిడ దాన్ని దగ్గర కూచోబెట్టుకుని, “ఎవరూ కొనలేదే పిచ్చిపిల్లా. అమ్మ పొట్టలో గర్భసంచి ఉంటుంది. అందులో తొమ్మిది నెలలు పెరిగావు. నువ్వు బయటికి రాగానే నేనే ఎత్తుకున్నా” అంది. పాప “ఓహో” అని బిస్కెట్టు అడిగింది.

ఇంత చిన్న జవాబా! నాకెవరూ చెప్పలేదే. నన్ను కూడా కొన్నామనే చెప్పారు మా ఇంట్లో. ఏ వయసులో నమ్మడం మానేశానో గుర్తులేదు.

6వ తేదీ, శనివారం
పిట్టగోడ ఎక్కింది. “ఆడపిల్లవి, ఏమిటా ఎక్కడం!” అని అరిచాను. రూలు ఒకటి పోయింది. కానీ అది పడిపోకూడదని అన్నాను, ఉద్దేశం మంచిదే. మా ఆవిడ క్యాలెండర్ మీద ఇంటూ గుర్తు పెట్టింది. అప్పీలుకి అవకాశం లేదట.

7వ తేదీ, ఆదివారం
సెలవు. ప్రయోగాలకు కూడా.

8వ తేదీ, సోమవారం
కబురు! రేపు చైర్మన్ గారు పాప బడికే వస్తున్నారు. పాఠం చూసి, నచ్చితే అక్కడికక్కడే సంతకం. టీచరమ్మ ముఖం చూడాలి. కుర్చీలు తనే తుడుస్తోంది. “మీ పది రోజుల నోట్ పెట్టారా సార్?” అంది. పది రోజులకి ఇంకా రెండున్నాయి. మూడు రూల్సు పోయినా నాలుగోది నిక్షేపంగా ఉంది. ‘మిక్కిలి సంతృప్తికరం’ అని రాసి పెట్టాను.

9వ తేదీ, మంగళవారం. సాయంత్రం 4.30
వరసగా రాస్తాను.

10.20. చైర్మన్ గారు వచ్చారు. పిల్లల కుర్చీలో కూచున్నారు, సగమే పట్టారు. వెంట ఫొటోగ్రాఫరు.

10.30. టీచరమ్మ పాఠం. ఎవరైనా ముద్దు అడిగితే, ఇష్టం లేకపోతే ఏం చేయాలి? ఇరవై మంది పిల్లలు చెయ్యి ముందుకి చాపి “వద్దు!” అని అరిచారు. కిటికీ అద్దాలు అదిరాయి. “భలే భలే” అని చైర్మన్ గారు చప్పట్లు కొట్టారు. ఫైలు తెమ్మన్నారు. పెన్ను మూత తీశారు.

10.40. ముందుగా ఒక ఫొటో అన్నారు. ముందు వరసలో మా పాప. “రా బంగారం, ఈ మామయ్యకి ఓ ముద్దు ఇవ్వు.”

పాప చెయ్యి చాపింది. “వద్దు.”

ఆయన నవ్వారు. “ఒక్కటే!”

“వద్దు.”

నవ్వు ఆగిపోయింది. ఫొటోగ్రాఫరు కెమెరా దించాడు. సూపరింటెండెంటు మోచేత్తో నన్ను పొడిచాడు. టీచరమ్మ నన్నే చూస్తోంది.

“ఇచ్చెయ్యమ్మా. పెద్దాయన కదా” అన్నాను. వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోశాను.

పాప నా వంక చూసింది. ఇచ్చింది, కళ్ళు గట్టిగా మూసుకుని. ఫ్లాష్ వెలిగింది. తర్వాత గౌను అంచుతో మూతి తుడుచుకుంది, రెండుసార్లు.

చైర్మన్ గారు సంతకం పెట్టారు. అనుబంధంతో సహా, ప్రతి పేజీ మీదా, చదవకుండా.

ఆయన వెళ్ళాక “మీ ఉద్యోగం నిలిచింది టీచరమ్మా” అన్నాను. కృతజ్ఞతలు చెబుతుందనుకున్నాను.

“నిలిచింది సార్. రేపు పిల్లలకి ఏం చెప్పాలో అది కూడా మీరే చెప్పండి” అంది.

10వ తేదీ, బుధవారం
గ్రాంటు వచ్చింది! పద్దెనిమిది బడులు! ఒక్క ముద్దుతో పోయేదేముంది? ఇలా ఇంకా నాలుగు వాక్యాలు రాసి కొట్టేశాను.

బడి నుంచి తీసుకొస్తుంటే పాప సంచి పట్టీ పట్టుకుని నడిచింది. రోడ్డు దాటేచోట చెయ్యి ఇమ్మన్నాను.

“వద్దు. నువ్వు తోస్తావు.”

పక్కన వెళ్ళే ఎవరో ఆవిడ చెయ్యి పట్టుకుని దాటింది. నేను వెనకాల దాటాను. ఇంట్లో చెబితే మా ఆవిడ ఈసారి నవ్వలేదు. క్యాలెండర్ మీద గుర్తు కూడా పెట్టలేదు. నాకు ఏడుపొచ్చింది. రాస్తున్నాను కాబట్టి నిజమే రాయాలి, ఏడ్చాను.

11వ తేదీ, గురువారం
చైర్మన్ గారి పీఏ ఫోన్ చేశాడు. ఫొటో అదిరిందట. సోమవారం ప్రారంభోత్సవం. అదే పాప వేదిక మీద పువ్వులిచ్చి, మళ్ళీ అలాగే ముద్దు ఇవ్వాలట. “అలాగేనండీ” అన్నాను. అలవాటు! ముప్ఫై ఏళ్ళుగా ఫోనెత్తితే ఆ మాటే వస్తుంది.

తిరిగి చూస్తే గుమ్మంలో పాప. విన్నది.

12వ తేదీ, శుక్రవారం. ఉదయం 7.10
మళ్ళీ మొదలు. మొదటి రోజు. ఈసారి ఒకే రూలు, నాలుగోది.

7.30. పాప పాలు తాగుతుంటే ఎదురుగా నేల మీద కూచున్నాను. “నువ్వు వద్దన్నావు, నేను తోశాను. తప్పు నాది” అన్నాను.

“మళ్ళీ తోస్తావా?”

“తొయ్యను.”

“ఆ మామయ్య అడిగితే?”

మా ఆవిడ ఫోను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

8.05. పీఏ ఎత్తాడు. “అండీ... పాప... పువ్వులిస్తుందేమో అడిగి చెబుతాను. ముద్దు మాత్రం కుదరదండీ. పాప వద్దంటోంది.”

“ఏంటండీ మీరు! నాలుగేళ్ళ పిల్ల వద్దంటే మానేస్తామా?”

“మానెయ్యాలండీ. అనుబంధం, రూలు నాలుగు. చైర్మన్ గారు సంతకం పెట్టారు.”

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. ఆ అనుబంధాన్ని మా ఆఫీసులో నేను కాక ఇంకొకరు తెరవడం బహుశా అదే మొదటిసారి.

“...ఉందండీ” అన్నాడు. “సార్‌కి ఎవరు చెప్పాలి?”

“నేనే చెబుతాను, కలపండి” అన్నాను. ఆ గొంతు నాదేనా అని మా ఆవిడ వంక చూశాను.

8.20. చెప్పాను. ఆయన కేకలేశారు. ఏ సీటుకి మారుస్తారో సోమవారం తెలుస్తుంది. అక్షరాలు వంకరపోతున్నాయి. పాప బూట్లేసుకుని, సంచి తగిలించుకుని, గుమ్మం దగ్గర నిలబడి నా వైపు చెయ్యి చాపింది. ముద్దు అడగాలనిపించింది. అడగలేదు.

బడికి టైమైంది. ఇంకా తొమ్మిది రోజులు.