ముద్ద నమిలాను

అమ్మకు,

ఫోన్లో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను. చెల్లెలి చేత చదివించుకోకు, నిదానంగా నువ్వే చదువుకో.

నిన్న మా మేనేజరు మమ్మల్ని బెంగళూరులో గట్టిగా మాట్లాడాలన్నా భయం వేసే హోటలుకు తీసుకెళ్ళాడు. చాటంత పళ్ళెంలో నిమ్మకాయంత రాగిముద్ద తెచ్చిపెట్టారు.

"మీది కోలారు వైపే కదా, దీన్నెలా తింటారు?" అని నన్నడిగాడు.

"మా ఇంట్లో అన్నమే సార్, నాకు తెలీదు" అన్నాను. అని ఊరుకోలేదు. ఫోర్కుతో తుంచి, అందరిలాగే నమిలాను.

రుచి నచ్చి, మేనేజరు వంటామెను పిలిపించాడు. వచ్చింది మన గౌనిపల్లి చిన్నవెంకటమ్మ. నీకు టైఫాయిడ్ వచ్చిన నెలంతా "నమలకూడదప్పా, మింగాల" అంటూ నాకు ముద్ద తినిపించిన మనిషి.

"ఏం నాయనా, నమల్తా ఉండావే!" అని నవ్వింది. నేను తల దించుకున్నాను.

"ఈయన తెలుసా?" అన్నాడు మేనేజరు.

ఆమె కాసేపు నన్నే చూసింది. "మా ఊరి పిల్లోడనుకొంటి సార్. కాదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఊరికొచ్చినా ఆమె నీకీ మాట చెప్పదమ్మా. అందుకే నేను చెబుతున్నాను.

నీ పెద్దోడు