ఏటిగట్టు మీద గునుగు

శుక్రవారం రాత్రి

ఏటా వరదల ముందు ఏటిగట్టు మీద గడ్డి కోయించేవాళ్ళం. ఆ ఖర్చు తప్పుతుందని, ఈసారి పంచాయతీ సెక్రటరీగా నేనే పట్టుబట్టి గడ్డికి బదులు గునుగు పూల విత్తనాలు చల్లించాను.

ఇక్కడ చినుకు లేక పూలన్నీ వాడిపోయాయి. ఎగువ వానలకి గోదావరి మాత్రం పెరుగుతోంది. రేవు పక్కన ఒక్కచోటే గునుగు నడుమెత్తున, పచ్చగా ఉంది. సాయంత్రం సర్పంచ్ గారు అక్కడ నిలబడి ఫొటో తీయమన్నారు.

"చూశారా మేడం, నీళ్ళు పొయ్యకుండానే ఎలా పెరిగిందో!"

ఫొటో తీయడానికి గట్టు దిగి ఊరివైపు నిలబడ్డాను. చెప్పు బురదలో దిగబడింది. మొక్కలు పక్కకి తీసి చూస్తే గట్టులోంచి నీరు ఊరుతోంది. ఎప్పటిలా గడ్డి కోయించి ఉంటే మొదటిరోజే కంటపడేది. కోయించేది అందం కోసమనుకున్నాను, నా తెలివి తగలెయ్య!

ఇంజినీరు గారికి ఫోన్ చేశాను.

"తేటగా వస్తే భయం లేదండి, పొద్దున్న వస్తాను. మట్టి కలిసి వస్తేనే గట్టు తెగేది. సీసాలో పట్టి చూడండి."

మసక చీకట్లో పట్టి చూసి, తేటగానే ఉందండి అన్నాను.

ఆ సీసా ఇప్పుడు నా ఎదుట బల్ల మీద ఉంది. అడుగున ఎర్రమట్టి పేరుకుంది. ఆయన ఫోన్ ఎత్తడం లేదు. ఊరిని లేపాలి.