బండి మీదనా, భుజాల మీదనా

నవంబర్ 5, బుధవారం

ఈ నోటుబుక్కు ఎవరి చేతిలో పడినా సరే, ముందు దీనికి జవాబు చెప్పు. పదహారడుగుల పడవ సోమందేపల్లెలో ఉండాది. నీళ్లు నల్లమాడ తట్టు మా చెరువులో ఉండాయి. నడుమ తార్రోడ్డు, గుట్టలు, చివర్న రెండు కిలోమీటర్ల బురద. నువ్వైతే ఎట్లా తెస్తావు? నెత్తిన పెట్టుకోనా, ఈడ్చుకోనా?

నవ్వొద్దు. పన్నెండేండ్లు వాన కోసం మోకాళ్లూని అరిచినా. దేవుడు అంతా కలిపి అక్టోబర్లో ఒక్క వారంలో ఇచ్చేసినాడు. చెరువు నిండింది. కల్వర్టు కొట్టుకపోయింది. అవతలి గట్టు మీద ఇరవై ఇండ్లు అట్లే నిలిచిపోయినాయి. అందులో ఒకటి సుంకన్నది.

సుంకన్న గొర్లు కాసేవాడు. ఇప్పుడు కిడ్నీలు రెండూ పనిచెయ్యవు. మంగళవారం, శుక్రవారం కదిరిలో డయాలసిస్. గుట్ట వెనక దావన బైకు మీద ఇద్దరి నడుమ కూచోబెట్టి తీసకపోతాండారు. నాలుగు గంటలు. నిన్న దావలోనే కండ్లు తేలేసినాడంట.

పడవుంటే పది నిమిషాలు.

నవంబర్ 6

బస్సులో సోమందేపల్లెకు పోయి పడవ చూసొచ్చినా. ఫైబర్ ది. గుమ్మడిపండు రంగు. దాని ఆసామి, నేను కలిసి ఎత్తితే జానెడు లేసింది. ఆసామి బదరీనారాయణ శెట్టి తన తోటలో గుంత తవ్వించి, అందులో తిరగాలని కొన్నాడంట. గుంత ఎండిపోయింది. పడవ గోడౌన్లో ఉండిపోయింది. దుడ్లేం వద్దు పాస్టరూ, పదహారో తేదీ లోపల తీసకపో అన్నాడు. లేకుంటే హైవే మీది డాబావాడు దాన్ని నిలువుగా పాతి లైట్లు పెడతాడంట, బోర్డు మాదిరి.

నేను పాస్టర్ను కాదు. పంక్చర్ షాపువాణ్ణి. బైబిలు వాక్యం ఎవరూ నేర్పలేదు, నేనే చదువుకున్నా, ఆదివారాలు రేకుల షెడ్డులో చెప్తా. ఎన్నిసార్లు చెప్పినా శెట్టి ఇనడు.

నవంబర్ 7

వెల్డింగ్ షాపు అనిల్ కుమార్ దగ్గర కూచున్నా. వానిది బొలెరో ఉండాది. రెండు దావలు చెప్పినాడు. బండి పైన టాప్ క్యారియర్ బిగించి, బోర్లేసి, ముందూ వెనకా తాడు కట్టేది. లేకుంటే రెండు చక్రాల చిన్న ట్రాలీ చేసి వెనక తగిలించేది. అన్నా, క్యారియర్ తార్రోడ్డు వరకే, బురదలో బొలెరో దిగదు, ట్రాలీ అయితే ఊడదీసి చేత్తో నీళ్ల దాకా తోసుకోవచ్చు అన్నాడు.

ఇరవై ఆరేండ్లుగా చక్రాలతోనే బతుకుతాండా. న్యాయంగా నేను ట్రాలీనే అనల్ల. కానీ పొద్దున్నే చదివిన అధ్యాయం గొంతులో ఉండిపోయింది. దేవుని ఆజ్ఞల పెట్టెను, మందసాన్ని, భుజాల మీద మొయ్యమంటే కొత్త బండి మీద పెట్టినారు. ఎద్దులు తొట్రుపడినాయి. పట్టుకోబోయినవాడు ఆన్నే చచ్చినాడు. ఒక ప్రాణం కోసం పోయే వస్తువును బండికేస్తామా?

క్యారియర్ చెయ్యి అన్నా. రోడ్డు చివర్నుంచి భుజాల మీద మోస్తాం.

అది మందసం కాదన్నా, ఫైబర్ అన్నాడు అనిల్. నోరు ముయ్యమన్నా. వాడు ముయ్యలేదు, ఏమప్పా, ఆ రెండు కిలోమీటర్లు నీ భుజమేనా అన్నాడు.

నవంబర్ 9, ఆదివారం

గంటన్నర చెప్పినా. రేకుల షెడ్డు అదిరింది. చక్రాలు మనిషి సోమరితనమన్నా. నలుగురు మొగోళ్లు లెయ్యండి అన్నా. హల్లెలూయా అని అన్ని చేతులూ లేచినాయి. భుజం ఒక్కటీ లెయ్యలేదు. వయసోళ్లంతా బెంగుళూరు కట్టడం పనుల్లో ఉండారు. కూచున్నది పదకొండుమంది ఆడోళ్లు, ముగ్గురు ముసిలోళ్లు.

ఇంటికొస్తా రత్నమ్మ అనింది: అంతసేపు అరిచినావు, ఆ పొద్దుకు రెండు చక్రాలు బిగించింటే అయిపోయేది. పెండ్లాం మాట గదా అని పట్టించుకోలేదు.

నవంబర్ 11, మంగళవారం

శుక్రవారం ఎట్లో పోయొచ్చినాడు సుంకన్న. ఈ రోజు పోలేదు. బైకు ఎక్కనంటాండాడని వాని పెండ్లాం తిమ్మమ్మ ఫోన్ చేసింది. కాళ్లు ఉబ్బినాయంట, చెప్పులు పట్టలేదంట.

వాడే ఫోన్ గుంజుకున్నాడు. ఏమప్పా, మీ దేవుడు సముద్రాన్నే రెండుగా చీల్చినాడంటివి, మా చెరువు చిన్నదని చెయ్యి పెట్టలేదా అన్నాడు. నవ్వినాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఎంతసేపటికీ నిలవలేదు. అయిదో తరగతి దాకా ఒకే పలక మీద రాసుకున్నోళ్లం.

నవంబర్ 12

క్యారియర్ తయారు. మోసేవాళ్లు లేరు.

నవంబర్ 13, గురువారం, పొద్దున 6

రత్నమ్మ బియ్యంలో రాళ్లేరుతా మాట్లాడింది. ఆరు బండ్లు, పన్నెండు ఎద్దులు దేవుడే ఇప్పించినాడని ఎండాకాలం నువ్వే చదివితివి గదా, అవి దేనికి అనింది.

యాడ చదివినా అన్నా. నాకేం తెలుసు, నాకు చదువొచ్చునా అనింది.

గంట ఎతికినా. ఉండాది. దేవుని గుడారం చెక్క పలకలు, స్తంభాలు, తెరలు బండ్ల మీద పోయినాయి. బండి ఇవ్వనిది ఒక్క వంశానికే. పరిశుద్ధమైనవాటిని మోసేవాళ్లకు. వాళ్లకు భుజాలే.

పరిశుద్ధమైనది ఏది మరి? పడవా? నేను ఫైబరుకు దండం పెట్టి, కాళ్లుబ్బిన మనిషిని ఆ గుడారం పలకల్లో కలిపినా. వారం పోయింది. వాక్యం తప్పు కాదు. నా నోరు తప్పు.

షాపులో మోకాళ్లూనినా. వెంటనే లేచినా. ఇప్పుడు కావాల్సింది మోకాళ్లు కాదు. వెనక పడేసిన పాత మోపెడ్ చక్రాలు రెండు తీసి, ట్యూబులకు ప్యాచీలేసి, అనిల్ దగ్గరికి పరిగెత్తినా. ఆదివారం చెప్పింది అబద్ధమని దావలో కనబడినోళ్లకంతా చెప్పినా.

అదే రోజు, సాయంత్రం

ట్రాలీ అయింది. అనిల్ ఒక్క మాట దెప్పలేదు. బరువు ఇరుసుకు రవ్వంత ముందుకుండల్ల, లేకుంటే తోక ఊపుతాదన్నా అని మాత్రం చెప్పినాడు. సోమందేపల్లె నుంచి గంటకు నలభై దాటనీలేదు. శెట్టి కూడా ఎక్కినాడు, తెడ్డు పట్టేది నాకు తప్ప మీకెవరికొచ్చు అని.

బురద దగ్గర ఊడదీసినాం. రత్నమ్మ ముందు, మేం వెనక. చక్రాలు సగం దాకా దిగినాయి కానీ నిలవలేదు. పడవ చప్పుడు లేకుండా నీళ్లలోకి జారింది.

సుంకన్నకు ఉబ్బు మొగానికెక్కిందంట. తెల్లారితే శుక్రవారం.

నవంబర్ 14, పొద్దున 6:20

సుంకన్నను ఈ గట్టుకు దాటించినాం. మాట లేదు. అంబులెన్స్ తార్రోడ్డు మీద నిలబడి ఉండాది. ట్రాలీ మీద పడుకోబెడితే మొదటి కుదుపుకే ఊపిరి బిగబట్టినాడు. దించి, పడవలో తెచ్చిన మంచం మీద వేసినాం. అవతలి గట్టున ఉండిపోయిన తిమ్మమ్మ కోసం శెట్టి పడవ తిప్పినాడు.

మంచానికి నాలుగు కోళ్లు. నేను, అనిల్, రత్నమ్మ.

చదువుతాండేవాడా, ఇది కింద పెట్టు. రేపు కాదు. నాలుగోది పట్టు.